పల్లెటూరి పిల్లగాని పాట కట్టినాయన

‘పల్లెటూరి పిల్లగాడా’ పాట వినని తెలంగాణ పల్లె అరుదు. బడి వార్షికోత్సవంలోనో, కూలీల సభలోనో ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు గొంతు కలుపుతారు. రాసిందెవరని అడిగితే మాత్రం చాలామంది జానపదం అనేస్తారు. ఆ పాట కట్టింది సుద్దాల హనుమంతు. తెలంగాణ సాయుధ పోరాట యోధుడు, ప్రజా వాగ్గేయకారుడు. 1982 అక్టోబర్ 10న క్యాన్సర్‌తో కన్నుమూశారు.

పూర్వపు నల్లగొండ జిల్లా పాలడుగులో చేనేత కుటుంబంలో పుట్టారాయన. తర్వాత గుండాల మండలంలోని సుద్దాలలో స్థిరపడ్డారు. ఆ ఊరే ఇంటిపేరయింది. చిన్ననాటి నుంచీ హరికథలన్నా యక్షగానాలన్నా ప్రాణం. హైదరాబాదులో చిన్న సర్కారు కొలువు చేస్తూ ఆర్యసమాజం వైపు నడిచారు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ ఆయన దారిని మార్చేసింది. ఊళ్లో మహాసభ సంఘం పెట్టారు.

అప్పటి నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు నోళ్లకు తాళం వేసింది. కరపత్రం పంచినా చదవగలిగేవాళ్లు ఊరికి ఏ కొద్దిమందో. కానీ గొల్లసుద్దులు చెప్పేవాళ్లు వచ్చారంటే ఊరంతా గుమిగూడేది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఒకరు కథ ఎత్తుకుంటే పక్కవాళ్లు వంత పాడతారు, నడుమ నడుమ ప్రశ్నలేసి నవ్విస్తారు. కాటమరాజు కథ విన్న ఆ జనానికే హనుమంతు అదే గొంగడి కప్పుకుని వెట్టిచాకిరీ కథ చెప్పారు. దొర గడీలో ఏం జరుగుతోందో, కూలి ఎందుకు పెంచమనాలో ఆ సుద్దుల్లోకి ఎక్కించారు. బుర్రకథనూ ఫకీరు వేషాన్నీ ఇట్లాగే వాడుకున్నారు. జనానికి అలవాటైన ఆటనే తీసుకుని కొత్త మాట పలికించడంలో ఆయన దిట్ట. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. గుతుపలు, వడిసెలలతో మొదలైన తిరుగుబాటు మరుసటి ఏడాదికల్లా తుపాకీ పట్టింది. 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాట విరమణ ప్రకటించేదాకా ఆ పల్లెల్లో కంటినిండా నిద్రపోయినవాళ్లు తక్కువ. ఆ పోరులో హనుమంతు సంఘం మనిషిగా, కళాకారుడిగా నిలబడ్డారు.

ఇక ఆ పాట. అందులో తుపాకీ లేదు, శపథం లేదు. పసులు కాసే జీతగాడైన ఒక పసివాణ్ణి పాడేవాడు దగ్గరికి పిలిచి అడుగుతున్నట్టు ఉంటుంది. పాలు మరిచి ఎన్నాళ్లయిందని ఆరా తీస్తాడు, ఒంటిమీది చినిగిన అంగీని చూపిస్తాడు. కోపమంతా జాలి వెనకాల దాగి ఉంటుంది. అందుకే ఎనభై ఏళ్ల కిందటి జీతగాని పాట ఈనాటి తల్లికీ గుచ్చుకుంటుంది.

గౌతం ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరుగా 1980లో విడుదలైన ‘మాభూమి’లో సంధ్య గొంతున ఈ పాట తెరకెక్కింది. హనుమంతు అప్పటికి బతికే ఉన్నారు. అదే సినిమాలో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ని చాలామంది గద్దర్ రచనే అనుకుంటారు. అది పోరాటయోధుడు బండి యాదగిరి పేరున్న పాట. పాట జనంలో కలిసిపోయి కట్టినవాని పేరు మరుగున పడితే కవికి అది గౌరవమే అంటారు కొందరు. హనుమంతు విషయంలో ఆ మాటకు నా మనసు ఒప్పదు. ఊరూరా తిరిగి పాడినవాని పేరు ఊరికి తెలియకపోవడం అన్యాయం. కొడుకు సుద్దాల అశోక్‌తేజ ‘ఠాగూర్’ సినిమా పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నప్పుడు ఆ ఇంటిపేరు దేశమంతా వినపడింది. తండ్రి పేరు మాత్రం ఇంకా వినపడాల్సినంత వినపడలేదు.

మీ ఊరి బడిలో ఈసారి పిల్లలు ఆ పాట పాడేటప్పుడు, ఎత్తుకునే ముందు ఒక్క మాట చెప్పించండి: ఇది సుద్దాల హనుమంతు కట్టిన పాట అని.