చిన్న యూరి ఫుట్‌బాలు సంఘము

జర్మనీ దేశపు నైరృతి భాగమున హైడెల్‌బర్గు అను ప్రాచీన విద్యానగరము కలదు. దానికి దక్షిణముగా కొలది మైళ్ల దూరమున శాండ్‌హౌజెన్ అను చిన్న యూరు ఉన్నది. అచ్చటి జనసంఖ్య సుమారు 15,000. ఆ యూరి ఫుట్‌బాలు క్రీడారంగమునందును సుమారు 15,000 మందికి చోటు కలదు. పసిపాపలు మొదలు పండుముసలుల వరకు ఊరివారందఱును ఇండ్లకు తాళములు వేసికొని పోయినను ఆ రంగమున సుఖముగా కూర్చుండవచ్చును! ఇంత చిన్న యూరికి అంత పెద్ద రంగమేల యని ఎవరికైనను సందేహము కలుగును.

ఆ సందేహము తీరవలెనన్నచో జర్మనీలో ఫుట్‌బాలు పోటీలు నడచు తీరు తెలియవలెను. అచ్చటి జట్లన్నియు మేడమెట్లవలె ఒకదానిపై నొకటిగా నున్న శ్రేణులలో ఆడుచుండును. అన్నిటికంటె పై శ్రేణికి బుండెస్‌లీగా అని పేరు. అది 1963లో ఆరంభమైనది. అందు 18 జట్లు, దాని క్రింది రెండవ శ్రేణిలో 18 జట్లు, మూడవదానిలో 20 జట్లు ఉండును. నాల్గవ శ్రేణి ప్రాంతముల వారీగా చీలియుండును. అంతకు దిగువనున్నవి పల్లెల జట్లు, పేటల జట్లు. వానికి లెక్క లేదు. ఏటి చివర రెండవ శ్రేణిలో మొదటి రెండు స్థానములు పొందిన జట్లు పై శ్రేణి కెక్కును. పై శ్రేణిలో అట్టడుగున నిలిచిన రెండు జట్లు క్రిందికి దిగును. పైనుండి మూడవదియు, అడుగునుండి మూడవదియు తమలో తాము రెండు ఆటలాడి తేల్చుకొనవలెను. కావున అచ్చట కప్పు గెలుచువాని ఆటకంటె అడుగున కొట్టుమిట్టాడు జట్ల ఆటయే ఒక్కొక్కప్పుడు ఎక్కువ ఉత్కంఠ కలిగించును. క్రిందికి జాఱిన జట్టుకు టెలివిజను వారిచ్చు సొమ్ము తగ్గును. మంచి ఆటగాండ్రు వేఱు జట్లకు తరలిపోవుదురు. కార్యాలయమున పనిచేయు చిరుద్యోగులకును జీతముల చింత పట్టుకొనును.

శాండ్‌హౌజెన్ సంఘము 1916లో పుట్టినది. చిరకాలము ఊరిపేరు ఇరుగుపొరుగు వారికి దక్క తెలియనే తెలియదు. 2012లో ఆ జట్టు రెండవ శ్రేణి కెక్కెను. ఆ శ్రేణిలో ఆడు జట్టుకు 15,000 మంది పట్టు క్రీడారంగ ముండవలెనని నియమము. ఊరి పరిమాణమును నియమము లెక్కపెట్టదు గదా! 11 ఏండ్లు ఆ చిన్న యూరు మహానగరముల జట్లతో సరిజోడుగా ఆడెను. 2023లో మూడవ శ్రేణికిని, 2025లో నాల్గవ శ్రేణికిని దిగిపోయెను. అయినను సంఘము ఊరిని విడిచి పోలేదు.

మన శ్రీసిటీవలె పరిశ్రమలు నెలకొన్న తావులలో వెలసిన సంఘములును జర్మనీలో కలవు. శ్రీసిటీ కర్మాగారములలో మోటారు బండ్లు, మెట్రో రైలు పెట్టెలు తయారగుచున్నట్లే, జెనా పట్టణమున కార్ల్ జైస్ కర్మాగారమున సూక్ష్మదర్శినులు, గాజు కటకములు తయారగుచుండెను. 1903లో ఆ కర్మాగారపు పనివాండ్రు కలసి ఒక ఫుట్‌బాలు సంఘమును పెట్టుకొనిరి. 1980లో ఆ జట్టు ఐరోపా పోటీలలో రోము నగరపు జట్టుతో తలపడి, అచ్చట 3-0 తేడాతో ఓడిపోయెను. ఇక దానికథ ముగిసినదని అందఱు ననుకొనిరి. కాని స్వస్థలమున జరిగిన మఱు ఆటలో అదే జట్టుపై 4 గోలులు చేసి, ఒక్కటియు ఈయక గెలిచెను. 1981లో ఆ పోటీ తుది ఆట వరకు పోయి, ట్బిలిసి జట్టుచేత 2-1 తేడాతో ఓడెను. అట్టి జట్టును 2020లో నాల్గవ శ్రేణికి దిగెను. కటకములు చేయు చేతులకు అంత కీర్తి తెచ్చిన జట్టునకు ఈ గతి పట్టుట కొంత బాధాకరమే.

ఈ సంఘములు ఎన్ని మెట్లు దిగినను నిలిచియుండుటకు ఒక కారణము కలదు. జర్మనీలో సంఘము సాధారణముగా సభ్యులది. ఏటేట చందా కట్టు ఊరివారే సభ్యులు. సంఘము తన జట్టును కంపెనీగా మార్చినను, ఓట్లలో సగముకంటె ఎక్కువ సభ్యులయొద్దనే ఉండవలెనని 1998లో నియమము చేసిరి. కొలది జట్లకు మాత్రము మినహాయింపు లభించినది. ధనవంతుడు డబ్బు పెట్టవచ్చును గాని, జట్టును మూటగట్టుకొని మఱియొక ఊరికి తీసికొనిపోవుట అంత సులభము కాదు.

తెలుగునాట ఫుట్‌బాలు చరిత్ర తక్కువది కాదు. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 ఏండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలయందు స్వర్ణపతకము సాధించెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచెను. 1963లో రహీము మరణించెను. పిమ్మట హైదరాబాదు ఆట క్రమముగా వన్నె తగ్గెను. పోలీసు జట్టునకు ప్రభుత్వోద్యోగమే అండ. దానికి వెనుక చందాలు కట్టి నిలిచిన సభ్యులు లేరు.

2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను జట్టు దేశపు పై శ్రేణియగు ఇండియన్ సూపర్ లీగున ప్రవేశించెను. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి కప్పును గెలిచెను. ఆనాటి సంబరము చూచినవారు, 3 ఏండ్లు గడచుసరికి 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోవునని ఊహించియుండరు.

హైదరాబాదున వృత్తి ఫుట్‌బాలు జట్టు మఱియొకటి పుట్టినది. శ్రీనిధి డెక్కన్ అను ఆ సంఘము 2015లో బాలుర జట్లతో ఆరంభమై, 2021లో రెండవ శ్రేణియగు ఐ-లీగున అడుగిడెను. నగరము వెలుపల అజీజ్ నగర్ వద్ద దాని చిన్న క్రీడారంగము కలదు. తొలియేటనే మూడవ స్థానము పొందెను. భారతదేశమున మెట్లెక్కు పద్ధతి 2022-23లో గాని రాలేదు. అదియును ఇఱుకు మెట్టు. ఐ-లీగు విజేత ఒక్కటే పై కెక్కవలెను. ఆ యేట శ్రీనిధి జట్టు రెండవ స్థానమున నిలిచెను. పంజాబు జట్టు పై కెక్కెను. జర్మనీలో రెండవ స్థానమైనను చాలియుండెడిది. మరుసటి యేటను శ్రీనిధి మొదటి స్థానమునకై పోరాడుచుండగా, 2024 ఏప్రిలు 6న దూరముననున్న షిల్లాంగులో కలకత్తా మహమ్మడన్ జట్టు 2-1 తేడాతో గెలిచి విజేత యయ్యెను. శ్రీనిధికి మరల రెండవ స్థానమే దక్కెను. ఆ యేటి చివర పోటీలు మొదలైనప్పుడు ఆ జట్టు తిరిగి అదే మెట్టుపై ఆట ఆరంభించెను.