వందన శబ్ద విచారము

హనుమకొండలో బాప్టిస్టు మిషను 1879లో నెలకొనెను. ఓరుగల్లు సీమ క్రైస్తవులు నేఁటికిని ఒండొరులను “వందనము” అని పలుకరింతురు. ఈ శబ్దమునకు మూలమగు “వది” ధాతువునకు అభివాదనము, స్తుతి యని రెండర్థములు గలవు.

క్రీ. శ. 57 ప్రాంతమునఁ బౌలు రోమా సంఘమునకు వ్రాసిన లేఖ తుది యధ్యాయమున నీ రెండును గూడియున్నవి. అందాతఁడు ఇరువది నలుగురకుఁ బేరు పెట్టి వందనములు చెప్పెను. మన యభివాదనమున వందనము చేయువాఁడు తన గోత్రప్రవరలను జెప్పుకొనును. పౌలో, వందనము పొందువారి పరిశ్రమమును జెప్పెను. కొందఱిని బంధువులనెను గాని, ప్రిస్కిల్ల, అకులలు తనకొఱకుఁ బ్రాణములకుఁ దెగించిరనియు, మరియ, పెర్సిసు మున్నగు స్త్రీలు ప్రయాసపడిరనియుఁ గొనియాడెను. అంప్లియాతు వంటి పేరులు నాఁడు దాసులలో సాధారణములు; వానికిని ఆ పట్టికయందే స్థానము.

గ్రీకుపదమునకు ఆదరముతోఁ బలుకరించుటయే యర్థము. స్తుత్యర్థమును గూడ నిముడ్చుకొన్న వందన శబ్దమును దెలుఁగు బైబిలున నుంచుట యీ సందర్భమునకు మిక్కిలి యుచితము.