పింగ్ వెళ్తోంది కదా అని క్లౌడ్‌కి కలిపేయకండి!

అల్మాస్‌గూడలో మా ఇంటి పై గది నుంచే రికార్డ్ చేస్తున్నా. కింద బోరు మోటర్ సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఈరోజు టాపిక్: ఎన్‌ఎస్‌ఎక్స్ ఎడ్జ్ క్లస్టర్‌ని వీఎంవేర్ క్లౌడ్ డైరెక్టర్‌కి కలిపే ముందు ఏం రెడీ చేసుకోవాలి. మీరు ఫోన్‌లో యాప్ నొక్కితే, ఆ రిక్వెస్ట్ ఎక్కడో ఒక వర్చువల్ మెషీన్‌కి చేరాలి కదా. ఇలాంటి సెటప్‌లో ఆ మెషీన్లకీ బయటి నెట్‌వర్క్‌కీ మధ్య గేటు లాంటిది ఎడ్జ్ నోడ్. అలాంటివి కొన్ని కలిపితే క్లస్టర్.

నా మొదటి ఉద్యోగంలో ఇదే పని. పింగ్ చేశాం, వెళ్లింది. అందరం టీకి వెళ్లిపోయాం. తెల్లారితే కస్టమర్ సైట్ మారాలి. లాగిన్ పేజీ ఓపెన్ అవుతోంది, ఫైల్ అప్‌లోడ్ మాత్రం మధ్యలో ఆగిపోతోంది. రాత్రంతా ఫైర్‌వాల్ రూల్స్ తిరగేశాం. తప్పు అక్కడ లేదు, ఎంటీయూలో ఉంది!

మామూలు ప్యాకెట్ 1500 బైట్లు. ఎన్‌ఎస్‌ఎక్స్ దాన్ని జెనీవ్ అనే ఇంకో కవర్లో పెట్టి పంపుతుంది. ఆ కవరే కనీసం 50 బైట్లు, ఆప్షన్లు ఉంటే ఇంకా ఎక్కువ. మధ్యలో ఒక్క స్విచ్ 1500 దగ్గరే ఉన్నా పెద్ద ప్యాకెట్ అక్కడే పోతుంది. పింగ్ చిన్నది కాబట్టి దూరిపోతుంది. అందుకే దారి పొడవునా కనీసం 1600 ఉండాలి, 1700 పెడితే మంచిది. చెక్ చేయడానికి హోస్ట్ నుంచి వీఎంకేపింగ్‌ని 1572 సైజుతో, ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి కొట్టండి. హెడర్లు 28 కలిపితే సరిగ్గా 1600.

ఇంకోటి, రెండు ఎడ్జ్‌లూ ఒకే హోస్ట్ మీద పెట్టకండి. ఆ హోస్ట్ పడితే రెండూ పోతాయి. 2022 నవంబర్‌లో మొదలైన అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌ని మూడు జోన్లుగా విడగొట్టడం వెనక లాజిక్ కూడా ఇదే.

ఇవి అయ్యాకే టియర్-0 గేట్‌వే పెట్టి, బయటి రూటర్‌తో బీజీపీ లేపండి. రూట్లు వస్తున్నాయా చూడండి. తర్వాత క్లౌడ్ డైరెక్టర్‌లో ఎన్‌ఎస్‌ఎక్స్ మేనేజర్‌ని యాడ్ చేసి, జెనీవ్ నెట్‌వర్క్ పూల్ క్రియేట్ చేసి, టియర్-0ని ఇంపోర్ట్ చేయడమే. ఆ క్లిక్కులకి అరగంట చాలు.

బీజీపీ లేవకపోతే ఎక్కడ వెతకాలో నెక్స్ట్ ఎపిసోడ్‌లో లైవ్‌గా చేసి చూపిస్తా. బై!