ప్రార్థనా సభ నుంచి ప్రజాసేవకు

హిందూ సంప్రదాయంలో ప్రార్థన ప్రధానంగా వ్యక్తిగతమైనది. సంధ్యావందనం, జపం, ఇలవేల్పు అర్చన ఎవరికి వారు, ఎవరి ఇంట వారు ఆచరించేవి. భజన మందిరాలలో పదిమంది కూడి పాడుకోవడం ఉన్నా, ఒక నియత వేళకు అందరూ కలసి కూర్చుని, ఒకే క్రమంలో ప్రార్థన చేసి, ఆ వెంటనే తమ ఉమ్మడి జీవితాన్ని గురించి ఆలోచించుకునే పద్ధతి మన దేవాలయాలలో అంతగా పెంపొందలేదు. పూజ ముగించేటప్పుడు సమస్త లోకాలకు సుఖం కలగాలని కోరడం మాత్రం ఇంటింటా ఉన్న ఆచారమే. ఆ కోరిక కోరిన గృహస్థు గడప దాటిన తరువాత ఏమి చేస్తున్నాడన్నదే ప్రశ్న. ఊరి చివర, మంచినీటి బావి వద్దకు రానివ్వని మనిషి ఆ సమస్త లోకాలలో చేరినవాడా, కాడా?

ఈ ప్రశ్న ఆధునిక కాలంలో పుట్టినది కాదు. 15వ శతాబ్దానికి చెందిన గుజరాతీ భక్తకవి నరసింహ మెహతా తళాజాలో నాగర బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, జునాగఢ్‌లో నివసిస్తూ, అస్పృశ్యులుగా పరిగణింపబడినవారి వాడకు వెళ్లి భజన చేశాడనీ, అందుకు కులస్థులు ఆయనను వెలివేశారనీ సంప్రదాయం చెబుతున్నది. పరుల బాధను తన బాధగా ఎరిగినవాడే వైష్ణవుడని ఆయన నిర్వచించిన కీర్తన తరువాతి కాలంలో గాంధీజీకి అత్యంత ప్రీతిపాత్రమైనది. 1884లో దక్షిణేశ్వరంలో శ్రీరామకృష్ణ పరమహంస, జీవులపై దయ చూపడానికి మానవుడెంతటివాడనీ, జీవుని శివునిగా భావించి సేవించడమే తగిన పని అనీ బోధించారు. ఆ మాట విన్న యువకుడు నరేంద్రుడు వివేకానంద స్వామిగా 1897 మే 1న రామకృష్ణ మిషన్‌ను స్థాపించారు. మరుసటి సంవత్సరం కలకత్తాలో ప్లేగు భయం వ్యాపించగా, సహాయానికి ధనం చాలకపోతే మఠం కోసం కొత్తగా కొన్న స్థలాన్ని అమ్మివేయడానికైనా ఆయన సంసిద్ధులయ్యారు. 1899లో సోదరి నివేదిత, సదానంద స్వామి కలకత్తా మురికివాడలలో వీధులు శుభ్రం చేయించే పనిని స్వయంగా నడిపారు.

ఈ ధారను దైనందిన క్రమశిక్షణగా మలచినవారు గాంధీజీ. 1915 మే 25న అహమ్మదాబాదు సమీపాన కోచరబ్‌లో ఆయన ఆశ్రమం నెలకొల్పారు. 1917లో అది సబర్మతీ తీరానికి మారింది. తెల్లవారకముందే ఒకసారి, సాయంకాలం మరొకసారి ఆశ్రమవాసులందరూ ఆరుబయట ఇసుకలో కూర్చుని ప్రార్థించేవారు. విష్ణు దిగంబర్ పలుస్కర్ శిష్యులైన నారాయణ మోరేశ్వర్ ఖరే సంగీత బాధ్యత వహించి, వివిధ భాషల కీర్తనలను ఆశ్రమ భజనావళిగా కూర్చారు. భగవద్గీత రెండవ అధ్యాయం చివరనున్న స్థితప్రజ్ఞ లక్షణాలు సాయం ప్రార్థనలో నిత్యపఠనాలు. కోరికలను అదుపులో పెట్టుకున్న మనిషి ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అని అర్జునుడు అడిగిన ప్రశ్నతో ఆ భాగం మొదలవుతుంది. నడవడికను గురించిన ప్రశ్న కనుకనే గాంధీజీ దానిని ఎన్నుకున్నారని భావించవచ్చు.

ప్రార్థన ముగిశాక హాజరు పిలిచేవారు. పేరు వినబడగానే ప్రతి ఒక్కరూ ఆనాడు తాము వడికిన నూలు పరిమాణం చెప్పేవారు. దైవం పేరు, దినచర్య లెక్క ఒకే చోట, ఒకే గొంతుతో వినిపించడం ఆ సభల విశేషం. పాయఖానాలు శుభ్రం చేసే పని ఆశ్రమంలో ఎవరికీ మినహాయింపు లేనిది. ఆ పని చేసి స్నానం చేసి వచ్చినవారే ప్రార్థనకు కూర్చునేవారు.

అయితే ప్రార్థన వల్ల మనసులు వెంటనే మారిపోయాయని అనుకోరాదు. కోచరబ్ ఆశ్రమం స్థాపించిన కొద్ది నెలలకే దూదాభాయి, దానీబెన్ అనే దళిత దంపతులు తమ పసిబిడ్డ లక్ష్మితో ఆశ్రమంలో చేరారు. వెంటనే కలకలం బయలుదేరింది. బావి వద్ద మోట తోలే మనిషి, వారి చేదలోని నీటి తుంపరలు తనపై పడి మైలపడతానని తిట్లకు లంకించుకున్నాడు. తిట్లు సహించి నీళ్లు తోడడం మాత్రం మానవద్దని గాంధీజీ అందరికీ చెప్పారు. కస్తూరిబాతో సహా ఆశ్రమ స్త్రీలలో కొందరికే ఈ రాక మింగుడుపడలేదు. ధనసహాయం పూర్తిగా నిలిచిపోయింది. డబ్బు అయిపోతే దళితవాడకే తరలిపోయి కూలి చేసుకుని బ్రతుకుదామని గాంధీజీ నిశ్చయించారు. ఒకనాటి ఉదయం పేరు వెల్లడించని ఒక ధనికుడు మోటారు కారులో వచ్చి, 13,000 రూపాయల నోట్లు చేతిలో పెట్టి వెళ్లిపోవడంతో ఆ గండం గడిచింది. ఈ సంఘటనను గాంధీజీ తమ ఆత్మకథలో వివరంగా చెప్పారు. ఆశ్రమానికి అప్పటివరకూ వస్తున్న విరాళాలు ఇచ్చినవారు కూడా భక్తులే, నిత్యం పూజ చేసేవారే. ఒక కుటుంబం బావి వద్దకు రాగానే వారి భక్తి ఎంతవరకు వచ్చి ఆగినదో తేటతెల్లమైంది.

1932 సెప్టెంబరులో హరిజన సేవక సంఘం ఏర్పడింది. 1933 నవంబరులో వార్ధాలో ప్రారంభించిన పర్యటన 1934 జూలై మాసాంతం దాకా సాగింది. ఆ డిసెంబరులో ఆంధ్ర ప్రాంతంలోనూ ఆయన సంచరించారు. గాంధీజీ ఎన్నుకున్న ‘హరిజన’ అనే పేరును డాక్టర్ అంబేద్కర్ ఆనాడే అంగీకరించలేదు. దేవుని పేరుతో పిలిచినంత మాత్రాన హక్కు రాదన్న ఆ అభ్యంతరంలో న్యాయం ఉన్నది. దళిత వర్గాలు తమకు ఇతరులు పెట్టిన ఆ పేరును నిరాకరించాయి. ప్రభుత్వ వ్యవహారాలలోనూ నేడు దానిని వాడడం లేదు.

అందరికీ తెరవని గుడిలో తానూ అడుగు పెట్టకూడదని గాంధీజీ నియమం. ఈ నియమం ఆయన కుటుంబంలోనే ఒకసారి పరీక్షకు గురైంది. 1938 మార్చిలో ఒరిస్సాలోని డెలాంగ్‌లో గాంధీ సేవా సంఘ సమావేశం జరిగినప్పుడు, కస్తూరిబా, మహదేవ్ దేశాయి భార్య దుర్గాబెన్ మొదలైనవారు పూరీ వెళ్లి జగన్నాథుని దర్శించి వచ్చారు. అప్పటికి ఆ ఆలయంలో దళితులకు ప్రవేశం లేదు. విషయం తెలిసి గాంధీజీ తీవ్రంగా కలతచెందారు. ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. ముందుగా వారికి నచ్చజెప్పని తప్పు తనదేనని ఆయన భావించగా, మహదేవ్ దేశాయి కొలువు విడిచి వెళ్లిపోతానన్నంత వరకు వచ్చింది. జీవితమంతా దైవదర్శనం కోరుకున్న ఒక వృద్ధురాలి కోరికను ఇంత కఠినంగా తూచడం సబబా అని ఎవరైనా అడగవచ్చు. గుడి బయట నిలబడిపోయిన లక్షలాది వృద్ధుల కోరికను కూడా అదే త్రాసులో పెట్టాలన్నది ఆయన పట్టుదల.

దీనికి భిన్నమైన దృశ్యం తిరువాన్కూరులో కనిపించింది. 1936 నవంబరు 12న మహారాజు చిత్తిర తిరునాళ్ బలరామవర్మ తమ రాజ్యంలోని ప్రభుత్వాలయాలను హిందువులందరికీ తెరుస్తూ ప్రకటన చేశారు. 1937 జనవరిలో గాంధీజీ అక్కడికి యాత్రికుడుగా వెళ్లారు. ఆ పర్యటనలో వరుసగా పలు సభలలో ఆయన ఈశావాస్యోపనిషత్తు తొలి మంత్రాన్నే వ్యాఖ్యానించారు. జగత్తంతా ఈశ్వరునితో నిండి ఉన్నదనీ, విడిచిపెట్టి అనుభవించాలనీ, ఇతరుల ధనంపై ఆశ కూడదనీ ఆ మంత్రం చెప్పే అర్థంలో హిందూధర్మ సారమంతా ఇమిడి ఉన్నదని ఆయన విశ్వాసం. సంపన్నుడు తన ఆస్తికి యజమాని కాక ధర్మకర్త మాత్రమేనన్న ఆయన సిద్ధాంతానికి కూడా ఆ మంత్రమే మూలాధారమైంది.

గాంధీజీ ప్రార్థన హిందూ భక్తిలో పుట్టినదైనా దాని ద్వారాలు క్రమంగా విశాలమయ్యాయి. సేవాగ్రామంలో జపాను బౌద్ధ భిక్షువుల మంత్రం, ఖురాన్ సూక్తులు, జొరాస్ట్రియన్ గాథలు, క్రైస్తవ గీతాలు అందులో చేరాయి. 1947 ఏప్రిల్ మొదట్లో ఢిల్లీ పారిశుధ్య కార్మికుల కాలనీలో జరిగే ప్రార్థనలో ఖురాన్ పఠనానికి కొందరు హిందువులు అడ్డు చెప్పారు. వేలమందిలో ఒక్కడు అడ్డు చెప్పినా గాంధీజీ ఆనాటి ప్రార్థనను ఆపివేసేవారు. అధిక సంఖ్యాకుల ఆగ్రహం ఆ ఒక్కని నోరు నొక్కకూడదనీ, ఖురాన్‌ను విడిచి మిగతా భాగం చదవడమూ తగదనీ ఆయన ఉద్దేశం. కొద్ది రోజులకు అడ్డుపెట్టేవారు వెనక్కు తగ్గగా ప్రార్థన మళ్లీ యథావిధిగా సాగింది. దేశ విభజన నాటి ద్వేషాగ్ని నడుమ ఆ సంయమనం సామాన్యమైనది కాదు. అంతకు కొద్ది నెలల ముందే నోఆఖాలీలో ఆయన గ్రామగ్రామానికీ కాలినడకన తిరిగి, సాయంకాలం ప్రార్థన తరువాత కాలిన ఇళ్ల పునర్నిర్మాణం, చెరువుల పరిశుభ్రత, ఇరుగుపొరుగు మైత్రి గురించే మాట్లాడారు.

ఆ ప్రార్థనా పద్ధతిని తెలంగాణకు తీసుకువచ్చినవారు ఆచార్య వినోబా భావే. 1932లో ధూలియా కారాగారంలో తోటి ఖైదీలకు ప్రతి ఆదివారం ఆయన చేసిన గీతా ప్రవచనాలను సానే గురూజీ వ్రాసి ఉంచగా, తరువాత అవి అనేక భారతీయ భాషలలో వెలువడ్డాయి. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపాన శివరాంపల్లిలో సర్వోదయ సమావేశం జరిగింది. అక్కడికి వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన వచ్చిన వినోబా, సమావేశానంతరం సాయుధ రైతాంగ పోరాటంతో అట్టుడికిన నల్లగొండ జిల్లా గ్రామాల వైపు నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. ఆ గ్రామం నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది.

దళితవాడకు వెళ్లి కష్టసుఖాలు విచారించగా, భూమి ఉంటే బ్రతుకుతామని వారన్నారు. ఎంత కావాలంటే 80 ఎకరాలు చాలునన్నారు, 40 తరి, 40 మెట్ట. ప్రభుత్వానికి వ్రాస్తానని చెబుతూనే, ఈలోగా గ్రామస్థులు ఏమైనా చేయగలరా అని వినోబా అక్కడున్నవారిని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఆ మాటను సాయంకాలం ప్రార్థనా సభలో ఊరందరి సమక్షంలో మరల చెప్పారు. ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదని వినోబా తరువాత చెప్పుకున్నారు. ఆయన దానిని భిక్షగా తలచలేదు. దానమంటే సమంగా పంచుకోవడమని శంకరాచార్యులు చెప్పిన అర్థాన్ని స్వీకరించి, ఐదుగురు కొడుకులున్న తండ్రి తనను ఆరవ కొడుకుగా భావించి భూమిలో ఆరవ వంతు ఇవ్వాలని ప్రతి గ్రామంలోనూ అడిగారు. తెలంగాణలో ఆ మొదటి యాత్ర 51 రోజులు సాగగా 12,000 ఎకరాలకు పైగా లభించింది.

ఆ తరువాత దేశమంతటా దాన పత్రాలు 40 లక్షల ఎకరాలు దాటాయి. కాని పత్రం వ్రాసినంత సులభంగా భూమి చేతులు మారలేదు. ఇచ్చిన వాటిలో రాతి నేలలు, తగాదాలలో ఉన్న భూములు, సేద్యానికి పనికిరాని చౌళ్లు చాలా ఉన్నాయి. కొందరు దాతల వారసులు మాట వెనక్కు తీసుకున్నారు. భూమి పొందిన పేదకు ఎద్దులు, విత్తనాలు లేక బీడు పడిన చోట్లూ ఉన్నాయి. దీనిని చూపి భూదానం విఫలమైనదని వాదించేవారు కొందరైతే, పంపిణీ అయిన లక్షలాది ఎకరాలను చూపి కాదనేవారు మరికొందరు. పంపిణీలో చిక్కులు తీర్చడానికి రాష్ట్రాలు చట్టాలు చేయవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో భూదాన, గ్రామదాన చట్టం 1965లో వచ్చింది. వినోబా మాత్రం పోచంపల్లి మరునాడు తెల్లవారకముందే ప్రార్థన ముగించుకుని తరువాతి గ్రామానికి బయలుదేరారు. ఆ నడక 13 సంవత్సరాలు సాగి, 1964లో ఆయన తిరిగి పౌనార్ ఆశ్రమం చేరారు.