ఏడింటికి టీవీ ఆన్, ఊరంతా నెట్ బంద్

బ్రిటన్‌లోని వేల్స్‌లో, పావిస్ ప్రాంతంలో అబర్‌హోసన్ అనే చిన్న పల్లె ఉంది. ఏడాదిన్నర పాటు ఆ ఊరివాళ్లకు రోజూ ఒకటే తంటా. పొద్దున ఏడయ్యేసరికి ఇంటర్నెట్ పోయేది, ఉన్నా నత్తనడక నడిచేది. ఫిర్యాదు చేస్తే ఓపెన్‌రీచ్ ఇంజినీర్లు వచ్చేవారు. అక్కడ టెలిఫోన్, బ్రాడ్‌బ్యాండ్ తీగల బాగోగులు ప్రధానంగా చూసేది ఆ సంస్థే. వచ్చి పరీక్షిస్తే లైను శుభ్రంగా ఉన్నట్టే తేలేది. అనుమానం తీరక ఊళ్లో చాలా దూరం కేబుల్ మార్చేశారు. కేబుల్ కొత్తదైంది గానీ ఏడు గంటల జబ్బు అలాగే ఉంది.

చివరికి ఇలాంటి చిక్కుముళ్లు విప్పే ప్రత్యేక బృందాన్ని దింపారు. తీగలో లోపం లేదు, ఊళ్లోనే ఏదో వస్తువు విద్యుత్ రొద పుట్టిస్తోందన్నది వాళ్ల అనుమానం. స్పెక్ట్రమ్ ఎనలైజర్ అనే పరికరం చేతబట్టి, పొద్దున్నే ఆరింటికి, జోరువానలో ఊరి వీధుల్లో అటూ ఇటూ తిరిగారు. గంట సేపు ఏమీ లేదు. సరిగ్గా ఏడింటికి పరికరం ఒక్కసారిగా భారీ రొదను పట్టింది. దాని జాడ తీసుకుంటూ వెళ్తే ఒక ఇంటి దగ్గర తేలారు. ఆ ఇంట్లో రోజూ ఏడింటికి ఆన్ చేసే పాత సెకండ్‌హ్యాండ్ టీవీ ఉంది. ఊరంతటి అవస్థకు తమ టీవీయే కారణమని తెలిసి ఇంటివారు సిగ్గుతో కుంగిపోయారు. ఇక దాని జోలికి పోమని అక్కడికక్కడే మాటిచ్చారు. 2020 సెప్టెంబరులో ఓపెన్‌రీచ్ ఈ సంగతి లోకానికి చెప్పింది, ఆ ఇల్లెవరిదో మాత్రం చెప్పలేదు.

టీవీకీ ఇంటర్నెట్‌కూ ఏమిటి సంబంధం? మిక్సీ వేస్తే టీవీ తెర మీద గీతలు, పక్కింట్లో మోటారు వేస్తే ఆకాశవాణిలో గరగర. దూరదర్శన్ రోజులు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అబర్‌హోసన్‌లో నెట్ వచ్చేది పాత టెలిఫోన్ రాగితీగ మీదే. డీఎస్‌ఎల్ అనే ఈ పద్ధతిలో సమాచారం ఎక్కువ ఫ్రీక్వెన్సీ సంకేతాలుగా మారి తీగలో పరుగెడుతుంది. ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ అయితే 2.2 మెగాహెర్ట్జ్ దాకా వాడుతుంది. ఏఎం రేడియో మీడియం వేవ్ కూడా ఆ పరిధిలోదే. అంటే బారుగా వేలాడే రాగితీగ టెలిఫోన్ తీగే కాదు, అడగకుండా వెలసిన ఏరియల్ కూడా. పాడైన విద్యుత్ పరికరం ఆన్ అయ్యేటప్పుడో ఆఫ్ అయ్యేటప్పుడో ఒక్క పెద్ద రొద విసిరితే మోడెమ్ పట్టుతప్పి, లింకు మళ్లీ మొదటినుంచి కలుపుకోవాల్సి వస్తుంది. ఇంజినీర్ల భాషలో దీని పేరు షైన్. ఆగకుండా సాగే రొదకు రీన్ అని వేరే పేరు. రీన్‌ను వెతకడానికి బ్యాటరీతో నడిచే ఏఎం రేడియో ఒకటి చాలు. స్టేషన్ లేని చోట ముల్లు నిలిపి ఇంట్లో తిరిగితే, తప్పు చేస్తున్న వస్తువు దగ్గర గరగర పెరుగుతుంది.

ఈ కథలో దొంగను పట్టించింది ఖరీదైన పరికరం కాదు, గడియారం. లైనును ఎన్నిసార్లు పరీక్షించినా దొరకనిది, ఏడింటికి వీధిలో నిలబడితే దొరికింది. ఫ్రాన్స్‌లోనూ దాదాపు ఇంతే జరిగింది. సముద్రతీరాన ఉన్న మెసాంజ్ పట్టణంలో అర్ధరాత్రి నుంచి మూడింటి దాకా ఫోన్లూ, మొబైల్ ఇంటర్నెట్టూ మూగబోయేవి. రేడియో తరంగాలను పర్యవేక్షించే అక్కడి ప్రభుత్వ సంస్థ ఏఎన్‌ఎఫ్‌ఆర్ అధికారి రాత్రిపూట వెళ్లి వెతికితే ఒక ఇంట్లో జామర్ దొరికింది. లాక్‌డౌన్ నాటి నుంచి ఫోన్లకు అతుక్కుపోయిన పిల్లల్ని నిద్రపుచ్చడానికి తండ్రి చేసిన ఏర్పాటట అది! పిల్లలు పడుకున్నారో లేదో గానీ పట్టణం మొత్తానికి సిగ్నల్ పోయింది. అక్కడి చట్టం ప్రకారం జామర్ వాడితే ఆరు నెలల దాకా జైలు, 30,000 యూరోల దాకా జరిమానా. మన దేశంలోనూ అనుమతి లేకుండా జామర్ పెట్టడం నేరమే.

మన ఇళ్లలో ఇప్పుడు రాగితీగ పోయి ఫైబర్ వచ్చింది. గాజుపోగులో వెళ్లేది వెలుతురు కాబట్టి ఏ టీవీ రొదా దాన్ని అంటదు. అయితే చిక్కులు వేరే దారిలో వస్తాయి. ఇన్వర్టర్ ఉంది, రౌటర్ లైట్లన్నీ వెలుగుతున్నాయి, కరెంటు పోతే మాత్రం నెట్టూ పోతోంది. చాలా కాలనీల్లో వినిపించే ఫిర్యాదు ఇది. వీధికి నెట్ పంచే ఆపరేటర్ స్విచ్ పెట్టెకు వీధి చివర ఏ ఇంటి మీటరు నుంచో కరెంటు తీసుకున్న చోట, ఆ ఇంట్లో కరెంటు పోతే వీధి మొత్తానికి నెట్ ఉండదు. కేబుల్ కరెంటు స్తంభాల మీదుగా వచ్చే చోట కష్టం ఇంకోరకం. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుత్ షాక్‌కు ఐదుగురు బలయ్యాక, నగరంలో స్తంభాలకు వేలాడే కేబుళ్లను కోసేశారు. అప్పుడు నెట్ పోయిన ఇళ్లలో రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు.

ఆపి వేయడం తప్పేమీ కాదు. కాకపోతే ముందు లైట్లు చూడాలి, ఎందుకంటే చాలా రౌటర్ పెట్టెల్లో రీస్టార్ట్‌తో లోపల నమోదైన జాడలు చెరిగిపోతాయి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్రలైటు వెలిగితే వెలుతురు పెట్టెదాకా రావడం లేదని అర్థం. ఇక ఇంట్లో ఏం చేసినా వృథా. పాన్ అని రాసి ఉన్న లైటు నిలకడగా పచ్చగా ఉండీ నెట్ లేకపోతే, ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా పెట్టెకు తగిలించి చూడాలి. అలా వస్తే ఫైబర్‌ది తప్పు కాదు, వైఫైదే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మైక్రోవేవ్ ఓవెన్ శత్రువని చాలామందికి తెలుసు. రౌటర్ పక్కనే ఆనించి పెట్టిన యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ కూడా అదే బ్యాండ్‌లో రొద చేస్తుందని ఇంటెల్ 2012లోనే చెప్పినా, దాన్ని అనుమానించేవాళ్లు తక్కువ.

వెలుతురు వస్తోంది గానీ చాలీచాలకుండా వస్తోందనుకోండి, అది కాస్త మాయదారి వ్యవహారం. నెట్ ఉంటుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. టెక్నీషియన్ ఫైబర్ కొసను పవర్ మీటర్‌కు తగిలించగానే మైనస్ 20 డీబీఎం లాంటి అంకె కనిపిస్తుంది. మైనస్ 20 అంటే వాటులో లక్షోవంతు. మూడు డీబీ తగ్గిన ప్రతిసారీ వెలుతురు సగమైపోతుంది. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో నడిచే మామూలు పెట్టె మైనస్ 27, 28 దాకా నెట్టుకొస్తుంది, ఆపైన చేతులెత్తేస్తుంది. కిటికీ తలుపు సందులో నలిగిన ఫైబర్, బీరువా వెనక గట్టిగా మడతపడ్డ ఫైబర్, దుమ్ము పట్టిన కనెక్టర్, ఇవి చాలు అంకెను గీత దాటించడానికి. టెక్నీషియన్ ఎర్రలేజరు పెన్నును కొసకు పెడితే నలిగిన చోట ఫైబర్ ఎర్రగా వెలుగుతుంది. మామూలుగా అందులో పారే వెలుతురు మాత్రం కంటికి కనిపించదు. కనిపించదు కదా అని కొసలోకి తొంగిచూడకూడదు.

అబర్‌హోసన్ టీవీకి ఫైబర్ ప్రపంచంలోనూ ఒక బంధువుంది. ఆపరేటర్ దగ్గర్నుంచి వచ్చే ఒక్క పోగును స్ప్లిటర్ 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. ఆ ఇళ్ల పెట్టెలన్నీ అదే పోగులోంచి జవాబివ్వాలి కాబట్టి, పంచాయతీలో ఒకరి తరవాత ఒకరు లేచి మాట్లాడినట్టు, ప్రతి పెట్టెకూ సెకనులో అతిచిన్న భాగం వంతుగా కేటాయిస్తారు. లేజరు చెడిపోయిన పెట్టె ఒకటి వంతు పాటించకుండా అదేపనిగా వెలుతురు చిమ్మితే మిగతావాళ్ల మాట ఆపరేటర్‌కు వినపడదు. మిగతా వీధంతా ఆఫ్‌లైన్. దీన్ని రోగ్ ఓఎన్‌యూ అంటారు. ఏ ఇంటికి వెళ్లి మీటరు పెట్టినా వచ్చే వెలుతురు సరిపడా ఉన్నట్టే చూపిస్తుంది. అందుకే పవర్ మీటర్ పక్కనపెట్టి, స్ప్లిటర్ దగ్గర ఒక్కొక్క ఇంటి పోగూ పీకుతూ పోతారు. ఏ పోగు పీకగానే మిగతా ఇళ్లలో నెట్ తిరిగొస్తే దొంగ పెట్టె ఆ ఇంట్లోనే ఉన్నట్టు. ఒక్కోసారి ఆ ఇంటివాళ్లు అంతవరకూ ఏ ఫిర్యాదూ చేసి ఉండరు, వాళ్ల నెట్ బాగానే నడుస్తూ ఉంటుంది కాబట్టి.