సంచి నిండితే ఏం చేయాలి?

కొత్తపట్నంలో ఉన్నా, మైన్‌క్రాఫ్ట్ పుట్టిన స్వీడన్‌లో ఉన్నా ఆ ఆట ఆడే పిల్లలకు ఒకటే చిక్కు: సంచి నిండిపోవడం. అందులో ఉన్నవి 36 గళ్లే. ఇనుప కడ్డీలైతే గడికి 64 పడతాయి. మరెలా?

గుంటూరు వైపు జిన్నింగు మిల్లులు చూడండి. విడి దూది కొద్దిగా ఎక్కించేసరికే లారీ నిండిపోతుంది. అందుకే దాన్ని అదిమి సుమారు 170 కిలోల బేళ్లు కడతారు. ఆటలోనూ అంతే. 9 కడ్డీలు కలిపితే ఒక దిమ్మె. 576 కడ్డీలు 9 గళ్లు తినేస్తాయి. దిమ్మెలు చేస్తే ఒక్క గడి చాలు. కావాలంటే మళ్లీ విడగొట్టుకోవచ్చు, ఒక్క కడ్డీ కూడా పోదు. నాకు భలే నచ్చిన లెక్క ఇది!

కలప తీరు వేరు. ఒక దుంగకు 4 పలకలు వస్తాయి, కానీ పలకలు మళ్లీ దుంగ కావు. ఒక గడిలోని 64 దుంగలు కోస్తే 4 గళ్లు నిండుతాయి. పని పడేదాకా దుంగలు కొయ్యకండి.