చిన్న కట్టకు కాపలా ఎవరు?

2025 సెప్టెంబరు తొలి రోజుల్లో ఒక రాత్రి, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బల్‌రామ్‌పూర్ జిల్లాలో లుతీ అనే చిన్న జలాశయపు కట్ట తెగింది. ఎడతెగని వర్షాలకు నిండిన నీరు ఒక్కసారిగా దిగువనున్న ఇళ్లమీద పడింది. నిద్రలో వున్నవారు నిద్రలోనే కొట్టుకుపోయారు. నాలుగు దశాబ్దాలకు పైగా పొలాలకు నీరిచ్చిన ఆ జలాశయం పేరు ఆ జిల్లా దాటి ఎవరూ విని వుండరు. అది తెగిన మర్నాడు మాత్రం దేశమంతటా పత్రికల్లో అచ్చయింది.

చిన్న ఆనకట్టల దురదృష్టమే అది. బతికివున్నన్నాళ్లు వాటిని ఎవరూ పలకరించరు. నాగార్జునసాగరం వంటి మహా కట్టడానికి ఇంజనీర్లున్నారు, కొలత పరికరాలున్నాయి, గేటు ఎత్తితే చూడవచ్చే యాత్రికులున్నారు. వూరి పైనున్న మట్టికట్టకు ఏమున్నది? పశువులు మేస్తాయి, తుమ్మచెట్లు మొలుస్తాయి, పందికొక్కులు కలుగులు తవ్వుతాయి. అయినా, కట్ట చిన్నదైనంత మాత్రాన ప్రమాదం చిన్నది కాదు. ప్రమాదాన్ని నిర్ణయించేది కట్ట ఎత్తు ఒక్కటే కాదు. దాని నీడలో ఎందరు నిద్రిస్తున్నారన్నది కూడా.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు నిర్మింపజేశాడు. రెండేళ్లపాటు దినానికి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేసినట్లు అక్కడి శాసనం చెబుతున్నది. చెరువుకు వుండవలసిన అంగాలు పన్నెండనీ, వుండరాని దోషాలు ఆరనీ ఆ శాసనమే లెక్కించింది. ఆ ఆరింటిలో మూడింటిని చూడండి: కట్టనుంచి నీరు వూరడం, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు వుండడం, నిలువచేసే చోటు తక్కువై వచ్చే నీరు ఎక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల తరువాత, మన కళ్లముందు తెగిన కట్టలలో ఈ మూడు దోషాలూ మళ్లీ కనిపిస్తున్నాయి.

మొదటిది, నీరు వూరడం. నిజానికి ప్రతి మట్టికట్టలోనూ కొద్దో గొప్పో నీరు వూరుతుంది. దానికి భయపడనక్కరలేదు. కట్ట దిగువ అంచున తేటనీరు సన్నగా, నిలకడగా కారుతున్నంతకాలం కట్ట ఆరోగ్యంగా వున్నట్లే లెక్క. ఆ నీరు బురదగా మారిందంటే మాత్రం కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నదని అర్థం. లోపల సన్నని సొరంగం ఏర్పడి, క్రమంగా వెనుకకు, నీటి వైపుకు పెరుగుతుంది. అది జలాశయాన్ని చేరిన తరువాత గండి పడడానికి కొన్ని గంటలు చాలు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో తివరే ఆనకట్ట 2019 జూలై 2 రాత్రి తెగి, సుమారు ఇరవైమంది ప్రాణాలు పోయాయి. కట్ట కారుతున్నదని అంతకుముందే అధికారులకు మొరపెట్టుకున్నామని గ్రామస్థులు చెప్పారు. చూసిన కళ్లు వున్నాయి. విన్న చెవులు లేవు.

రెండవది, సరిహద్దు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి వద్ద పెద్దవాగు ప్రాజెక్టు వున్నది. కట్ట తెలంగాణలో, ఆయకట్టులో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లో. 2014లో రాష్ట్రం రెండైన తరువాత దాని మరమ్మతుకు ఎవరు ఎంత ఖర్చు పెట్టాలన్నది రెండు ప్రభుత్వాల మధ్య తేలవలసిన లెక్క అయింది. 2024 జూలై 18న భారీ వరద వచ్చింది. ఆ రాత్రి కట్టకు గండి పడి, పెద్దవాగు రెండు రాష్ట్రాల పొలాలమీదా ఇసుక మేటలు వేసింది. ఇద్దరికి చెందిన చెరువును ఇద్దరూ పట్టించుకోరని శాసనకర్త ఏనాడో వూహించాడు కాబోలు.

మూడవది, పట్టనంత నీరు. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. నాటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో పింఛా జలాశయపు కట్ట ముందుగా దెబ్బతిన్నది. ఆ వరద దిగువనున్న అన్నమయ్య ప్రాజెక్టును తాకింది. తెల్లవారుజామున దాని మట్టికట్ట కూడా తెగింది. పులపత్తూరు, తొగురుపేట, మందపల్లి, గుండ్లూరు గ్రామాలమీద నది విరుచుకుపడింది. అనేకమంది మరణించారు, ఇళ్లు పునాదులతో సహా పోయాయి. గేట్లు అయిదింటిలో ఒకటి పనిచేయలేదని కేంద్రమంత్రి రాజ్యసభలో ప్రకటించారు. సెకనుకు 2.17 లక్షల ఘనపుటడుగుల నీటిని వదలగల కట్టడానికి 3.20 లక్షల ఘనపుటడుగుల వరద వచ్చిందని రాష్ట్ర ప్రభుత్వం సమాధానం చెప్పింది. ఆ వాదం ఎటు తేలినా పాఠం ఒక్కటే. మట్టికట్ట తన మీదుగా పొర్లే నీటిని ఎక్కువసేపు సహించలేదు. నీటిని బయటికి పంపే దారి చాలినంత వుండాలి. అవసరమైన గడియలో అది తెరుచుకోవాలి.

తెరవడానికి మనిషి చేయి అక్కరలేని దారిని వూహించిన ఇంజనీర్లు కూడా వున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోనే, రాయపూర్‌కు దక్షిణాన ధమ్‌తరి జిల్లాలో, 1914 - 1923 మధ్య నిర్మించిన మురుమ్‌సిల్లి ఆనకట్ట వున్నది. దానికి సైఫన్ పద్ధతి అమర్చారు. నీరు ఒక మట్టానికి చేరగానే గొట్టాలు తమంతట తామే నీటిని పీల్చి అవతలికి వదలుతాయి. అర్ధరాత్రి తాళంచెవి వెతకనక్కరలేదు, తుప్పు పట్టిన గేటుతో పెనుగులాడనక్కరలేదు. మన పల్లె చెరువుల అలుగు కూడా చేసేది ఆ పనే. కాని అలుగును ఇసుక మూటలతో ఎత్తు చేసి మరికొంత నీటిని ఆపుకోవాలనే ఆశ, అలుగు కాలువను పూడ్చి పొలం కలుపుకోవాలనే ఆశ, ఆ రక్షణనే హరించివేస్తాయి.

మరి చట్టం లేదా అంటే, వున్నది. అన్నమయ్య కట్ట తెగిన రెండు వారాలకు, 2021 డిసెంబరు 2న, రాజ్యసభ ఆనకట్టల భద్రతా బిల్లును ఆమోదించింది. వర్షాకాలానికి ముందూ తరువాతా తనిఖీ జరగాలనీ, పరికరాలు అమర్చాలనీ, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధంగా వుండాలనీ ఆ చట్టం ఆదేశిస్తున్నది. అయితే అది వర్తించేది 15 మీటర్లు మించిన ఎత్తుగల ఆనకట్టలకు. 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటికి కొన్ని షరతులమీద మాత్రమే. ఆ లెక్కలోకి వచ్చేవి దేశంలో ఆరువేలకు పైగా వున్నాయి. ఒక్క తెలంగాణలోనే మిషన్ కాకతీయ లెక్కకు తెచ్చిన చెరువులు 46,531. వీటిలో అత్యధికం ఆ చట్టపు చూపుకు అందనివే.

చట్టం చూడని చోట ఎవరు చూడాలి? ఒకప్పుడు చూసేవాడు వుండేవాడు. రాయలసీమలో నీరుగంటి, తెలంగాణలో నీరడి. తూము తీయడం, మూయడం, పొలాలకు నీరు పంచడం అతని పని. కట్టమీద నడవడం అతని అలవాటు. నిన్న లేని చెమ్మ ఈరోజు ఎక్కడ కనిపించినా అతని పాదానికే ముందు తెలిసేది. బావులూ బోర్లూ వచ్చి చెరువుతో అవసరం తగ్గగా ఆ వృత్తి క్షీణించింది. జీతమిచ్చేవారు పోయారు, కట్ట మిగిలింది.

చిన్న కట్టను కనిపెట్టి వుండడానికి పెద్ద ధనం అక్కరలేదు. వూటనీటిని ఒక చిన్న కాలువలోకి మళ్లించి, ‘వి’ ఆకారపు గంటు గల పలకను అడ్డం పెడితే, గంటులో నీటి ఎత్తునుబట్టి ఎంత వూరుతున్నదీ తెలుస్తుంది. జలాశయంలో గీతలు గీసిన కొలతరాయి, ఎగువన ఒక వర్షమాపకం, రోజూ రాసే ఒక పుస్తకం. వర్షాకాలానికి ముందే గేట్లు ఎత్తి దింపి చూడడం, కట్టమీది చెట్లను మొలకలోనే తీసివేయడం. ఒక్కరోజు అంకె ఏమీ చెప్పదు. పదేళ్ల అంకెల పక్కన నిలిచినప్పుడు అదే అంకె కేక వేస్తుంది.

కేక వేసినా, అది దిగువ ఇంటి గుమ్మానికి చేరాలి. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఆ అంకెలు అక్కడి పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఏ అంకెకు సామాను సర్దుకోవాలో, ఏ అంకెకు ఇల్లు విడవాలో వారికి వేరే చెప్పనక్కరలేదు. వాగు మీది చిన్న కట్టకు ఇటువంటి మూడు గీతలు గీయడానికి కావలసింది కొంచెం రంగు, కొంచెం లెక్క. ఆ గీతలు చూసి పరుగెత్తవలసింది మనిషి. అన్నమయ్య ప్రాజెక్టు వద్ద పనిచేసే లస్కరు ఒకరు ముందుగా హెచ్చరించడంవల్ల పలువురు ప్రాణాలు దక్కించుకున్నారని ఆనాటి వార్తలు చెప్పాయి. లక్షల ఘనపుటడుగుల నీటిముందు ఒక మనిషి గొంతు ఎంత? అయినా, ఆ తెల్లవారుజామున కొన్ని ఇళ్లలోనివారిని బతికించింది ఆ గొంతే.

ఈ ఏడు మీ వూరి చెరువు నిండినప్పుడు కట్టమీదికి వెళ్లి నీటి అందం చూడండి. పిదప కట్ట దిగువ వైపుకు దిగి, అక్కడ కారే నీరు తేటగా వున్నదో, బురదగా వున్నదో కూడా చూసి రండి.